ముసలిదైంది బ్యాటరీ, ట్యాబు కాదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్ళు అడిగినప్పుడు క్రమశిక్షణ గురించో, లక్ష్యం గురించో రాద్దామనుకున్నాను. కానీ ఆ మాట చెప్పడానికి వాళ్ళు పిలిచిన రోజునే హాస్టల్ గేటు దగ్గర ఒక సంగతి చూశాను. అప్పటినుంచి అదే మనసులో తిరుగుతోంది. అందుకే ఆ విషయమే రాస్తున్నాను.

గేటు బయట పాత సామాన్ల బండి ఆగి ఉంది. పాత సెల్లులకు, పాత ఇనుముకు ప్లాస్టిక్ సామాన్లు ఇస్తామని మైకు మోగుతోంది. ఇంటర్ చదువుతున్న ఒక తమ్ముడు ట్యాబు పట్టుకుని బండి వైపు నడుస్తున్నాడు. ఏమైందిరా అని అడిగాను. "చచ్చిపోయిందన్నా. వంద శాతం చూపిస్తది, అరగంటకే ఆరిపోతది. బకెట్టు ఇస్తానన్నాడు" అన్నాడు. తీసుకుని చూశాను. స్క్రీను మీద గీత లేదు. టచ్ బాగానే పనిచేస్తోంది. రెండేళ్ళ పాఠాలు, వాడు ఫొటోలు తీసి పెట్టుకున్న లెక్కల నోట్సు అన్నీ అందులోనే ఉన్నాయి. పోయిందల్లా బ్యాటరీ ఒక్కటే. ట్యూబు పాడైందని సైకిలును తూకానికి అమ్ముకుంటామా? వాడు చేయబోయింది అదే.

ఇది ఒక్కడి సమస్య కాదు. 2022 డిసెంబరులోనూ, మళ్ళీ 2023 డిసెంబరులోనూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నవారికి ట్యాబులు ఇచ్చింది. హాస్టళ్ళలో ఉంటూ హైస్కూళ్ళకు వెళ్ళిన మనవాళ్ళు చాలామంది వాటిని అందుకున్నారు. ఇంకొందరికి అన్నలో, బంధువులో వాడి ఇచ్చినవి ఉన్నాయి. ఆ ట్యాబులన్నిటికీ ఇప్పుడు వయసు పైబడుతోంది. సరిగ్గా ఈ వయసులోనే బ్యాటరీలు మొండికేస్తాయి. అందుకని బ్యాటరీ ఎందుకు అరుగుతుంది, ఎప్పుడు మార్చాలి, ఎలా మార్చాలి, ఏ పని మనం చేయవచ్చు, ఏ పని అస్సలు చేయకూడదు అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

లోపల ఏముంది?

మన ట్యాబుల్లో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1985లో జపాన్ శాస్త్రవేత్త అకిరా యోషినో దీన్ని వాడుకకు పనికొచ్చే రూపానికి తెచ్చారు. 1991లో సోనీ కంపెనీ మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. దీని వెనుక కృషికి యోషినో, జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్ ముగ్గురికీ 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి గుడెనఫ్ గారి వయసు 97 ఏళ్ళు. నోబెల్ అందుకున్నవారందరిలోకీ ఆయనే పెద్దవారు. చదువుకు వయసు మించిపోయిందని దిగులుపడే తమ్ముళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

బ్యాటరీలో ఒక పక్క రాగి రేకు మీద పూసిన గ్రాఫైటు ఉంటుంది. అంటే మన పెన్సిలు ములుకులో ఉండే పదార్థమే. రెండో పక్క అల్యూమినియం రేకు మీద లిథియం కలిసిన లోహ ఆక్సైడు ఉంటుంది. రెండింటి మధ్యా తల వెంట్రుక కన్నా పలుచని ప్లాస్టిక్ పొర. వీటన్నిటినీ తడిపి ఉంచే ద్రవం ఒకటి. ఛార్జింగు పెట్టినప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైటులోకి వెళ్ళి కూర్చుంటాయి. వాడుతున్నప్పుడు తిరిగి అవతలి పక్కకు వస్తాయి. ఇలా అటూ ఇటూ తిరగడమే బ్యాటరీ పని.

రెండు సంగతులు ఇక్కడే గుర్తుంచుకోండి. ఆ ద్రవం మండే స్వభావం కలది. ఆ ప్లాస్టిక్ పొర చిరిగితే రెండు పక్కలూ తాకి లోపలే షార్టు అవుతుంది. చిన్న ట్యాబులో 5,100 ఎంఏహెచ్ బ్యాటరీ ఉందనుకుందాం. దాని వోల్టేజి 3.85. రెండింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే సుమారు 19.6 వాట్ అవర్లు. అంటే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బును రెండు గంటలకు పైగా వెలిగించే శక్తి. అదంతా మెల్లగా వస్తే పాఠం వింటాం. ఒక్కసారిగా బయటపడితే మంట అవుతుంది.

ఎందుకు అరుగుతుంది?

అయాన్లు తిరిగిన కొద్దీ గ్రాఫైటు మీద ఒక సన్నని పొర కట్టుకుంటుంది. అది మొదట మంచిదే, గ్రాఫైటును కాపాడుతుంది. కానీ ఏళ్ళు గడిచే కొద్దీ అది మందమై, తిరగవలసిన లిథియంలో కొంత భాగాన్ని తనలో బంధించేస్తుంది. మన హాస్టల్ మిద్దె మీది నీళ్ళ ట్యాంకును ఊహించుకోండి. అడుగున బురద పేరుకుంటే ట్యాంకు నిండినా నీళ్ళు తక్కువే పడతాయి. బ్యాటరీ సామర్థ్యం తగ్గడం అంటే ఇదే.

ట్యాంకు నుంచి వచ్చే గొట్టానికి పాచి పట్టిందనుకోండి. ఒక్క కుళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి. పది కుళాయిలు ఒకేసారి తిప్పితే ఆగిపోతాయి. పాత బ్యాటరీలో కూడా లోపలి నిరోధం పెరుగుతుంది. స్క్రీను వెలుతురు పెంచి వీడియో పెట్టగానే వోల్టేజి పడిపోతుంది, ట్యాబు తనను తాను ఆపేసుకుంటుంది. 30 శాతం చూపిస్తూనే ఠక్కున ఆరిపోవడానికి కారణం అది. ట్యాబు అబద్ధం చెప్పడం లేదు. ట్యాంకులో నీళ్ళున్నాయి, గొట్టమే ఇవ్వలేకపోతోంది.

సాధారణంగా ఇలాంటి బ్యాటరీ 300 నుంచి 500 పూర్తి ఛార్జింగుల తరువాత మొదటి సామర్థ్యంలో సుమారు 80 శాతానికి వస్తుంది. ఈరోజు సగం, రేపు సగం ఎక్కిస్తే రెండూ కలిపి ఒక ఛార్జింగు కిందే లెక్క.

అరుగుదలను అన్నిటికన్నా ఎక్కువ పెంచేది వేడి. బ్యాటరీని 40 శాతం ఛార్జింగుతో 25 డిగ్రీల దగ్గర ఏడాది ఊరికే ఉంచితే సుమారు 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే బ్యాటరీని నూరు శాతం నింపి 40 డిగ్రీల దగ్గర ఉంచితే సుమారు 65 శాతమే మిగులుతుంది. ఏ పనీ చేయకుండానే మూడో వంతు పోయిందన్నమాట! రెంటచింతల, రామగుండం ఎండల్లో రేకుల కప్పు కింద, నూరు శాతం నింపి, ప్లగ్గుకే వదిలేసిన ట్యాబు గతి ఏమిటో మీరే ఆలోచించండి.

తప్పు బ్యాటరీదేనా?

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇది తేల్చుకోవాలి. చాలాసార్లు తప్పు ఛార్జరుదో, వైరుదో అవుతుంది. ముందు పక్కవాడి మంచి ఛార్జరు, వైరు పెట్టి చూడండి. ఛార్జింగు పిన్ను పెట్టే రంధ్రంలో దుమ్ము, నూగు చేరిందేమో టార్చి వేసి చూడండి. ఉంటే ట్యాబు ఆపేసి, పొడి పళ్ళ పుల్లతో మెల్లగా తీయండి. సూది, పిన్నీసు వాడకండి. సెట్టింగుల్లో బ్యాటరీ అన్న చోట ఏ యాప్ ఎక్కువ తింటున్నదో కనిపిస్తుంది. అనవసరమైనది తీసేయండి.

ఇవన్నీ అయ్యాక ఒక చిన్న పరీక్ష. ట్యాబును నూరు శాతం నింపండి. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వెలుతురు సగానికి తగ్గించి, ముందే దించుకున్న ఒక పాఠం వీడియో వరుసగా ఆడించండి. ప్రతి అరగంటకూ ఎంత శాతం ఉందో కాగితం మీద రాయండి. అంకెలు వరుసగా దిగితే బ్యాటరీ ఇంకా నడుస్తుంది. 60 నుంచి ఒక్కసారి 35కు దూకినా, 20 ఉండగానే ఆరిపోయినా బ్యాటరీ మార్చవలసిందే.

ఉబ్బితే మాత్రం ఆగండి

ఆ తమ్ముడి ట్యాబును వరండాలోని నాపరాయి బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో తోశాను. చదునుగా ఆనవలసింది గుండ్రంగా తిరిగింది. అంచు దగ్గర మూత బియ్యపు గింజంత లేచి ఉంది. బ్యాటరీ ఉబ్బింది. "రాత్రిపూట ఎక్కడ ఛార్జింగు పెడతావురా" అంటే "దిండు కిందన్నా, ఎవరూ తీయకుండా" అన్నాడు. ఆ హాల్లో వాడితోపాటు ముప్పైమందికి పైగా పడుకుంటారు. పక్కనే దుప్పట్లు, పుస్తకాలు, చెక్క బీరువా. నాకు ఒళ్ళు జలదరించింది.

లోపలి ద్రవం పాడై వాయువు పుట్టడం వల్ల బ్యాటరీ ఉబ్బుతుంది. దాన్ని నొక్కి సరిచేయాలని చూడకండి. సూదితో పొడిచి గాలి తీయాలని అసలే చూడకండి. ఛార్జింగు పెట్టకండి. ట్యాబును ఆపేసి, గుడ్డలకూ కాగితాలకూ దూరంగా, గచ్చు మీదనో ఇసుక మీదనో పెట్టి వెంటనే వార్డెన్ గారికి చెప్పండి. ఉబ్బిన బ్యాటరీని మనం తీయకూడదు. అది అనుభవమున్న మెకానిక్కు పని.

ఒకవేళ పొగ వస్తే, ముందు అందరినీ బయటికి పంపండి. ఆ పొగ విషం, పీల్చకూడదు. చేతికి అందితే మెయిన్ స్విచ్చి కట్టేయండి. 101కి ఫోను చేయండి. ట్యాబు కోసం ఎవరూ లోపలికి వెళ్ళకూడదు. ట్యాబు మళ్ళీ వస్తుంది, మనిషి రాడు.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. 2016లో శామ్‌సంగ్ కంపెనీ నోట్ 7 ఫోన్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. బ్యాటరీ లోపల ఎలక్ట్రోడు మూల వంగడం, వెల్డింగు దగ్గర లోహపు ముక్క పొడుచుకు రావడం వంటి చిన్న లోపాలే కారణమని 2017 జనవరిలో ఆ కంపెనీయే చెప్పింది. పెద్ద కర్మాగారంలోనే వెంట్రుకవాసి తేడాతో అంత జరిగితే, దిండు కింద మన మోచేయి బరువు పడే బ్యాటరీ సంగతి వేరే చెప్పాలా?

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు

ప్రభుత్వం ఇచ్చిన ట్యాబు అయితే ముందు హెడ్మాస్టరు గారినో, కంపెనీ సర్వీసు సెంటరునో అడగండి. వారంటీ మిగిలి ఉంటే మూత తెరవడం వల్ల అది పోవచ్చు. లేదని తేలాకే బయటి షాపు.

ట్యాబు మోడల్ నంబరు సెట్టింగుల్లో ఉంటుంది. అది రాసుకుని వెళ్ళండి. "ఇంచుమించు ఇదే, సరిపోతుంది" అంటే ఒప్పుకోకండి. పాత బ్యాటరీ మీద ఉన్న నంబరు, వోల్టేజి, పిన్ను ఆకారం, పొడవు వెడల్పులు అన్నీ కలవాలి. ఎంఏహెచ్ కొంచెం అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు గానీ వోల్టేజి తేడా ఉండకూడదు. అదే సైజులో రెట్టింపు ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది డూప్లికేటు అని అర్థం. చెంబులో బిందెడు నీళ్ళు పట్టవు కదా!

మన దేశంలో అమ్మే బ్యాటరీలకు బీఐఎస్ రిజిస్ట్రేషను తప్పనిసరి. "ఆర్" అక్షరంతో మొదలయ్యే నంబరు దాని మీద ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ అనే యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. తయారైన తేదీ కూడా చూడండి. అలమరలో ఊరికే ఉన్నా బ్యాటరీ ముసలిదవుతుందని పైన చెప్పుకున్నాం. బ్యాటరీ ధర ఎంత, కూలి ఎంత అని విడివిడిగా అడగండి. బిల్లు తీసుకోండి. రెండూ కలిపినా సాధారణంగా కొత్త ట్యాబు ధరలో చిన్న వంతే అవుతుంది.

మార్చే పద్ధతి

బ్యాటరీ ఉబ్బకుండా ఉంటే, ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో ఎలక్ట్రానిక్స్ చదివేవారు సారు దగ్గర ఉండగా ఈ పని నేర్చుకోవచ్చు. మిగతావారు షాపులో మెకానిక్కు ఎదురుగా కూర్చుని, వరుస సరిగా ఉందో లేదో గమనించడానికైనా ఇది పనికొస్తుంది.

మొదట పాఠాలు, ఫొటోలు వేరే చోటికి కాపీ చేసుకోవాలి. ఛార్జింగు 25 శాతం లోపుకు దించాలి. పొరపాటున బ్యాటరీకి దెబ్బ తగిలినా, శక్తి తక్కువ ఉంటే ప్రమాదం తక్కువ. ట్యాబును పూర్తిగా ఆపి, సిమ్ము, మెమరీ కార్డు తీసేయాలి. కార్డు లోపల ఉండగా మూత లాగితే విరిగిపోతుంది.

చాలా ట్యాబుల మూత చుట్టూ క్లిప్పులతో, కొన్నిటిది గమ్ముతో అతికి ఉంటుంది. గమ్ము ఉంటే అంచుల వెంబడి హెయిర్ డ్రయ్యరుతో గోరువెచ్చగా వేడి చేయాలి. స్టవ్వు, ఇస్త్రీపెట్టె పనికిరావు. పాత ఏటీఎం కార్డు లాంటి పలుచని ప్లాస్టిక్ ముక్కను అంచులోకి కొద్దిగా మాత్రమే దూర్చి, చుట్టూ మెల్లగా జరుపుతూ రావాలి. లోతుకు దూరిస్తే లోపలి వైర్లు తెగుతాయి. మూత కొంచెం లేవగానే లాగేయకుండా, దానికేమైనా రిబ్బను వైరు ఉందేమో చూడాలి.

మూత తెరిచాక మొట్టమొదటి పని బ్యాటరీ పిన్నును బోర్డు నుంచి విడదీయడం. ఇది చేయకుండా ఇంక దేనిమీదా చేయి వేయకూడదు. స్క్రూలు తీసిన కొద్దీ ఒక కాగితం మీద బోర్డు బొమ్మ గీసి, ఏది ఎక్కడిదో అక్కడే పెట్టాలి. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే బోర్డుకు చిల్లు పడుతుంది.

బ్యాటరీ గమ్ముతో అంటుకుని ఉంటుంది. ఇక్కడే తొందరపడేవారు చెడగొడతారు. స్క్రూడ్రైవరు పెట్టి పెళ్ళగించకూడదు. వెడల్పాటి ప్లాస్టిక్ ముక్కతో, అన్ని పక్కల నుంచీ కొంచెం కొంచెంగా, వంగకుండా లేపాలి. రాకపోతే మళ్ళీ కొద్దిగా వెచ్చబెట్టి ఆగాలి.

కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి పోల్చి, స్థానంలో ఉంచి, పిన్ను కలిపి, మూత వేయకముందే ట్యాబు వెలిగించి చూడాలి. ఛార్జింగు ఎక్కుతోందా, టచ్, మాట, కెమెరా పనిచేస్తున్నాయా చూశాకే డబుల్ గమ్ టేపుతో బ్యాటరీని అతికించి మూత నొక్కాలి. మూత తేలిగ్గా కూర్చోవాలి. బలవంతంగా నొక్కవలసి వస్తే లోపల ఏదో అడ్డుందని అర్థం. తరువాత ఒకసారి నూరు శాతం నింపి, 10 లేక 15 శాతం దాకా వాడి, మళ్ళీ నింపితే శాతం అంకె సరిగ్గా చూపడం మొదలవుతుంది.

పాతదాన్ని ఏం చేయాలి?

చెత్తకుండీలో వేయకూడదు, కాల్చకూడదు. బ్యాటరీ మీద చక్రాల చెత్తబుట్ట బొమ్మకు అడ్డంగా గీతలు కొట్టి ఉంటుంది. దాని అర్థం ఇదే. చెత్తలో లారీ కింద నలిగినా మంట పుడుతుంది, ఆ చెత్త ఏరేది మనలాంటి ఇళ్ళవాళ్ళే. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం, వాడేసిన బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీ కంపెనీలది. పిన్ను మీద టేపు అంటించి సర్వీసు సెంటరులోనో, ఇ-వ్యర్థాలు తీసుకునే కేంద్రంలోనో ఇవ్వండి.

కొత్తది ఎక్కువ కాలం రావాలంటే

ఛార్జింగును వీలైనంతవరకు 20కి, 80కి మధ్య ఉంచండి. రాత్రంతా వదిలేయకుండా, సాయంత్రం స్టడీ అవర్లో అందరి కళ్ళ ముందు, బల్ల మీద పెట్టండి. దిండు కింద, పరుపు మీద, ఎండ పడే కిటికీలో వద్దు. ఛార్జింగులో ఉండగా ఆటలు ఆడకండి. వేడెక్కితే కవరు తీసేయండి.

వేసవి సెలవుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సెలవులకు వెళ్తూ ట్యాబును సున్నా శాతంతో ట్రంకు పెట్టెలో పడేసి పోతే, రెండు నెలల్లో మిగిలిన కొద్దిపాటి శక్తీ ఇంకిపోయి బ్యాటరీ లోపల చెడిపోతుంది. తిరిగి వచ్చేసరికి ఛార్జింగే తీసుకోదు. నూరు శాతంతో పెట్టినా వేడికి అరుగుతుంది. సగం నింపి, పూర్తిగా ఆపి, చల్లని చోట పెట్టండి.

పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక మనవి. ఇంట్లో మూలపడిన ట్యాబులు మీ దగ్గర ఉంటే, బ్యాటరీ పరీక్ష చేయించి, అవసరమైతే కొత్తది వేయించి హాస్టల్‌కు ఇవ్వండి. ఉబ్బినదాన్ని అలాగే తెచ్చి దానం చేయకండి. ఇక్కడ చదువుకునే పిల్లవాడికి మనం పాఠం ఇవ్వాలి గానీ ప్రమాదం ఇవ్వకూడదు.

ఇంతకీ ఆ తమ్ముడి ట్యాబు ఏమైందంటారా? హాస్టల్లో తెరవకుండా ఇద్దరం పట్నంలో మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన తీసి చూపిస్తే బ్యాటరీ అప్పడంలా పొంగి ఉంది. దాన్ని చూశాక వాడే హాల్లో అందరి దిండ్లూ ఎత్తి వెతకడం మొదలుపెట్టాడట. ఇప్పుడు హాల్లో గోడవారగా ఒక నాపరాయి బల్ల మీద అన్ని ఛార్జింగులూ ఒకేచోట, వంతులవారీగా జరుగుతున్నాయి. పది గంటలకు స్విచ్చి కట్టేసే బాధ్యత వాడిదే. లెక్కల నోట్సు భద్రంగా ఉంది. బకెట్టు మాత్రం పాతదే వాడుతున్నాడు.